మీకు తెలుసా? ముత్యాల తీరంలో సిలువ నాటుకున్న కథ

కన్యాకుమారి నుంచి రామేశ్వరం దాకా సాగే తమిళ తీరానికి పోర్చుగీసువాళ్ళు ‘చేపలవేట తీరం’ అని పేరు పెట్టారు. నిజానికి వాళ్ళ కన్ను పడింది చేపల మీద కాదు, ఆ సముద్రపు అడుగున దొరికే ముత్యాల మీద. రాయి కట్టుకుని మునిగి ఆ ముత్యపు చిప్పలు పైకి తెచ్చేవాళ్ళు పరవలు. కన్యాకుమారికి పడమరగా, తిరువనంతపురం వైపు సాగే తీరంలో కట్టుమరాల మీద వేటకు వెళ్ళేవాళ్ళు ముక్కువలు. ఈ రెండు సముద్రపు కులాలూ దాదాపు ఐదు వందల ఏళ్ళుగా కాథలిక్కులు. వాళ్ళ చరిత్రను మామూలుగా మిషనరీల కథగానే చెబుతారు. కాగితాలు కాస్త జాగ్రత్తగా చదివితే మాత్రం, అందులో పెద్ద నిర్ణయాలు చాలావరకు తీరం మీద బతికినవాళ్ళే తీసుకున్నారని తెలుస్తుంది. అలాంటి సంగతులు కొన్ని ఇవి.

పాదిరీ రాకముందే మతం మారారు

పరవలను క్రైస్తవులుగా మార్చింది ఫ్రాన్సిస్ జేవియర్ అని చాలామంది అనుకుంటారు. ఆయన ఆ తీరానికి వచ్చింది 1542లో. అప్పటికి పరవల జ్ఞానస్నానాలు జరిగి ఐదారేళ్ళయింది.

అసలు గొడవ ముత్యాల వేట మీద హక్కు గురించి. ఆ హక్కును గుత్తకు తీసుకున్న ముస్లిం వర్తకులకూ, నీళ్ళలోకి దిగే పరవలకూ మధ్య 1530లలో పోరు ముదిరింది. తూత్తుకుడిలో ఒక పరవ చెవిపోగును చెవితో సహా తెంపేశారని, అక్కడి నుంచి రెండు వైపులా నెత్తురు పారిందని ఆ తీరంలో తరతరాలుగా చెప్పుకునే కథ. సంఖ్యలోనూ డబ్బులోనూ ఎదుటివాళ్ళదే పైచేయి. పరవలకు దిక్కు తోచని ఆ సమయంలో కన్యాకుమారి ప్రాంతంలో గుర్రాల వ్యాపారం చేస్తున్న జువాం ద క్రూజ్ ఒక దారి చూపించాడు. ఈయన కాలికట్ మనిషి. కాలికట్ రాజు జామొరిన్ తరఫున 1513లో లిస్బన్ వెళ్ళి, అక్కడే క్రైస్తవుడై తిరిగొచ్చాడు. పోర్చుగీసువాళ్ళ మతం తీసుకుంటే వాళ్ళ ఓడల అండ దొరుకుతుందన్నది ఆయన సలహా.

పరవల పెద్దలు, అంటే పట్టంగట్టులు, కొచ్చి వెళ్ళి మాట్లాడుకున్నారు. ముందుగా వాళ్ళే జ్ఞానస్నానం తీసుకున్నారు. ఆ తర్వాత పోర్చుగీసు ఓడలతో పాటు గురువులు వచ్చి ఊరూరా జ్ఞానస్నానాలు ఇచ్చారు. దాదాపు ఇరవై వేల మంది అన్నది చరిత్రకారులు తరచూ చెప్పే లెక్క. 1538లో వేదాళై దగ్గర జరిగిన పోరాటంలో పోర్చుగీసు సేనాని మార్తిం అఫోన్సో ద సౌసా శత్రువుల పడవల దండును ఓడించాక ముత్యాల వేట మీద పరవల పట్టు నిలిచింది. జనం దీన్ని భక్తితో జరిగిన మార్పు అనవచ్చు, రాజకీయం అనవచ్చు. నా మటుకు నాకు ఇది బతుకు నిలుపుకోవడానికి ఒక కులం మొత్తం కూర్చుని తీసుకున్న నిర్ణయంగా కనిపిస్తుంది. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

చేతిలో గంట, వెనక పిల్లలు

జేవియర్ యూరప్ నుంచి బయల్దేరింది 1541లో. ఎక్కిన ఓడ అదే మార్తిం అఫోన్సో ద సౌసాది. వేదాళైలో గెలిచినవాడే ఈసారి గవర్నరుగా గోవాకు వస్తున్నాడు. జేవియర్‌కు తమిళం రాదు. ఆ తీరం వాళ్ళే, గోవాలో చదువుకుని తమిళమూ పోర్చుగీసూ వచ్చినవాళ్ళు తోడు వచ్చారు. వాళ్ళను కూర్చోబెట్టుకుని జపాలను తమిళంలోకి మార్పించి, వాటిని ఆయన కంఠతా పట్టాడు. ఆ తర్వాత చేతిలో గంట పట్టుకుని వీధి వీధీ తిరిగి, పిల్లల్నీ పెద్దల్నీ పోగుచేసి, తాను నేర్చుకున్నదే వాళ్ళ చేత వల్లె వేయించాడు. జ్ఞానస్నానాలు ఇచ్చి ఇచ్చి చేతులు ఎత్తలేనంతగా అలిసిపోయిన రోజులున్నాయని 1544 జనవరి నాటి ఉత్తరంలో రాసుకున్నాడు. అదే ఏడాది చివర్లో ముక్కువల ఊళ్ళలో ఒక్క నెలలో పదివేల మందికి పైగా జ్ఞానస్నానం ఇచ్చినట్టు తర్వాతి ఉత్తరంలో ఉంది.

ఆ ఉత్తరాల్లోనే మనసుకు నచ్చని సంగతీ ఉంది. ఊళ్ళో ఎవరైనా పాత దేవతలకు పూజ చేస్తే పిల్లలు వచ్చి చెప్పేవాళ్ళు. వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి ఆ విగ్రహాలను పగలగొట్టించేవాడు. కన్నబిడ్డల చేతే తల్లిదండ్రుల దేవుళ్ళను అవమానింపజేయడం క్రూరమైన పని. ఆయన చేసిన మంచిని చెప్పేటప్పుడు ఇది దాచిపెట్టకూడదు.

ఇంకో మాట. మన గుంటూరు, ప్రకాశం వైపు కాథలిక్కుల ఇళ్ళలో శౌరయ్యలు, శౌరమ్మలు, శౌరిరాజులు కనిపిస్తారు. ఆ పేర్లన్నీ ఈ జేవియర్‌వే. తెలుగు కాథలిక్కులకు ఆయన పునీత ఫ్రాన్సిస్ శౌరి.

రాణిగారి చెప్పుల డబ్బుతో ఉపదేశుల జీతాలు

ముత్యాల తీరం నుంచి పోర్చుగల్ రాణికి ఏటా 4,000 పణాలు వెళ్ళేవి. రాణిగారి పాదరక్షల ఖర్చు పేరిట ఆ పద్దు. ఊరూరా పిల్లలకు జపాలు నేర్పే ఉపదేశులకు ఆ డబ్బు ఇప్పించమని జేవియర్ అడిగాడు. రాణి కేథరీన్ ఒప్పుకుంది. పరవలు మునిగి తీసిన ముత్యాల సొమ్ములో కొంతైనా ఇలా వాళ్ళ ఊళ్ళకే తిరిగి చేరింది.

జేవియర్ ఉత్తరాల్లో తెలుగు దండు

ఆ ఉత్తరాల్లో ‘బడగలు’ అనే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది, ప్రతిసారీ భయంతోనే వస్తుంది. వాళ్ళు వడుగులు. తమిళులు ఉత్తరాది నుంచి వచ్చిన తెలుగువాళ్ళను అలాగే పిలిచేవాళ్ళు. అళియ రామరాయల దాయాది విట్ఠలరాయలు విజయనగరం తరఫున దక్షిణాది మీదికి దండెత్తిన రోజులవి. ఆ సేనల్లో, కప్పం వసూలుకు తిరిగే దళాల్లో మనవాళ్ళే ఎక్కువ.

1544 వేసవిలో ఈ గుర్రపు దళాలు కన్యాకుమారి దగ్గరి క్రైస్తవ పల్లెల మీద పడ్డాయి. దొరికినవాళ్ళను పట్టుకుపోయారు. మిగిలినవాళ్ళు పడవలెక్కి సముద్రంలోని రాతిగుట్టల మీదికి పారిపోయి, తిండీ నీళ్ళూ లేక అలమటించారు. జేవియర్ మణప్పాడు నుంచి ఇరవై ధోనీల్లో తిండి గింజలు వేసుకుని బయల్దేరాడు. ఎదురుగాలి వీస్తుంటే తెడ్లు వేసినా లాభం లేకపోయింది. రోజుల తరబడి ప్రయత్నించి వెనక్కి తిరగాల్సి వచ్చింది. చివరికి నడిచే వెళ్ళాడు. దారిలో ఎదురైన జనం గురించి, నడవలేని ముసలివాళ్ళ గురించి, దారిలోనే పురుడు పోసుకున్న ఆడవాళ్ళ గురించి ఆయన రాసిన మాటలు ఇప్పుడు చదివినా కళ్ళు చెమరుస్తాయి. విజయనగర వైభవం గురించి మనం ఎంతో చదువుకున్నాం. ఆ సేనలు నడిచిన దారిలో చేపలు పట్టుకుని బతికేవాళ్ళకు ఏమైందో చెప్పే కాగితాలు చాలా తక్కువ. అందుకే ఈ ఉత్తరాలు తెలుగు పాఠకులు కూడా చదవాలి.

ఐదేళ్ళ తర్వాత ఇంకో ఘోరం జరిగింది. రామేశ్వరం వెళ్ళే యాత్రికుల దారికి అడ్డంగా వేదాళై దగ్గర పోర్చుగీసు కెప్టెన్ కందకం తవ్వించి, సుంకం కట్టందే దాటనివ్వలేదు. యాత్రికులకు కడుపు మండింది, పాలకులకూ మండింది. 1549లో వడుగు సేన విరుచుకుపడింది. సైనికులు ఓడల వైపు పరిగెత్తారు. ఇటలీ నుంచి వచ్చిన అంతోనియో క్రిమినాలి అనే గురువు మాత్రం ఆడవాళ్ళనూ పిల్లలనూ పడవలెక్కిస్తూ ఒడ్డునే ఉండిపోయి ఈటెపోట్లకు బలయ్యాడు. జేవియర్ సభ అయిన యేసుసభ చరిత్రలో మొదటి వేదసాక్షిగా, అంటే మతం కోసం ప్రాణమిచ్చినవాడిగా, ఆయన్ని చెబుతారు. ఆ చావుకు మూలం మతద్వేషం కన్నా ఒక అధికారి దురాశ.

సొంత అధికారుల మీదే ఫిర్యాదులు

ఆ అధికారుల సంగతి జేవియర్‌కు బాగా తెలుసు. తీరం కెప్టెన్ కొస్మి ద పైవా క్రైస్తవులనే దోచుకుంటున్నాడని ఆయన ఉత్తరాల్లో మండిపడ్డాడు. రక్షణ కోసం పరవలు ఎవరిని ఆశ్రయించారో, వాళ్ళ నుంచే రక్షణ కావాల్సి వచ్చింది.

భారతీయ లిపిలో తొలి అచ్చు పుస్తకం బెస్తల కోసం

ఇది అందరికీ తెలియాల్సిన సంగతి. మన దేశంలో ఒక దేశీయ లిపిలో అచ్చయిన తొలి పుస్తకంగా పేరున్న ‘తంబిరాన్ వణక్కం’ పండితుల కోసమో రాజుల కోసమో వేసింది కాదు. ముత్యాల తీరంలోని పరవల కోసం తమిళంలో వేసిన పదహారు పేజీల చిన్న జపాల పుస్తకం అది. 1578 అక్టోబరు 20న కొల్లంలో అచ్చయింది. మరుసటి ఏడాది కొచ్చిలో ‘కిరిసిత్తియాని వణక్కం’ వచ్చింది. 1586లో ఆరు వందల పేజీలు దాటిన పునీతుల చరిత్ర వెలువడింది. ఈ అచ్చుపనికి పరవలు తమ చేతి డబ్బు పెట్టారు. అప్పటికి తెలుగు అక్షరం అచ్చుమొహం చూడలేదు. మన తొలి అచ్చు పుస్తకాలు 1746 ప్రాంతంలో, అదీ జర్మనీలోని హాలే పట్టణంలో, బెంజమిన్ షుల్జ్ చేతుల మీదుగా వచ్చాయి. అంటే ఒక బెస్త కులం చందాలు వేసుకుని తన భాషలో పుస్తకాలు అచ్చువేయించుకున్న తర్వాత, తెలుగు పుస్తకం అచ్చవడానికి నూట అరవై ఏళ్ళకు పైగా పట్టింది.

ఆ పుస్తకాల వెనక ఉన్న మనిషి హెన్రిక్ హెన్రిక్స్. యూదుల వంశంలో పుట్టాడని ఫ్రాన్సిస్కన్ సభవాళ్ళు ఆయన్ని బయటికి పంపేశారు. తర్వాత యేసుసభలో చేరి 1546లో భారతదేశానికి వచ్చాడు. మరుసటేడు ముత్యాల తీరానికి చేరి, 1600లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. జేవియర్ కంఠతా పట్టిన తమిళంతో సరిపెట్టుకోకుండా భాషను మూలం నుంచి నేర్చుకుని, యూరప్ వాళ్ళ కోసం తమిళ వ్యాకరణం రాశాడు. పున్నైక్కాయల్‌లో ఆస్పత్రి పెట్టించాడు. 1553లో ఆ ఊరి మీద దాడి జరిగినప్పుడు బందీ అయి కష్టాలు పడ్డాడు. జేవియర్‌కు దేశదేశాల్లో విగ్రహాలున్నాయి. పదేళ్ళు తిరక్కుండానే వెళ్ళిపోయిన జేవియర్ కన్నా, అర్ధశతాబ్దం ఒక్కచోటే నిలిచిన హెన్రిక్స్ ఆ తీరానికి ఎక్కువ చేశాడని నా నమ్మకం.

మన్నారులో ఆరు వందల ప్రాణాలు

1544లో మన్నారు దీవి జాలరులు జ్ఞానస్నానం తీసుకున్నారు. పోర్చుగీసు ప్రాబల్యం పెరుగుతుందని యాళ్పాణం (జాఫ్నా) రాజు శంకిలి భయపడి, ఆరేడు వందల మందిని చంపించాడు. శ్రీలంక కాథలిక్కులు ఇప్పటికీ వాళ్ళను స్మరించుకుంటారు.

డచ్చివాళ్ళు గెలిచారు, పరవలు లొంగలేదు

1658లో తూత్తుకుడి డచ్చివాళ్ళ చేతికి వచ్చింది. వాళ్ళు ప్రొటెస్టెంట్లు, కాథలిక్ గురువులంటే గిట్టదు. ఫిలిప్పస్ బాల్డేయస్ అనే వాళ్ళ మతబోధకుడు పరవలను తమ సంఘంలోకి తిప్పడానికి ప్రయత్నించి ఓడిపోయాడు. పరవలు పిల్లల జ్ఞానస్నానాలకూ పూజలకూ డచ్చి అధికారం చెల్లని లోతట్టు ఊళ్ళలోని గురువుల దగ్గరికి వెళ్ళేవాళ్ళు. సముద్రం అడుగు నుంచి చిప్పలు తెచ్చే మనుషులు లేకపోతే ముత్యాల వ్యాపారమే లేదు. ఆ సంగతి డచ్చివాళ్ళకూ తెలుసు, పరవలకూ తెలుసు. రక్షణ కోసం మతం మారారు కాబట్టి అది పైపై భక్తేనని అనేవాళ్ళు ఈ ఘట్టం చూడాలి. వందేళ్ళు దాటాక అండ ఇచ్చిన రాజ్యం పోయింది, మతం మారితే కొత్త దొరల దయ దొరుకుతుంది. అయినా వాళ్ళు మారలేదు.

సొరచేపల నోరు కట్టే మంత్రగాడు కూడా కాథలిక్కే

ముత్యాల వేట ఎలా సాగేదో కాస్త చెప్పాలి. ఒక్కో రాయికి ఇద్దరు మనుషులు. ఒకడు రాతి మీద కాలు పెట్టి తాడు పట్టుకుని నిమిషంలోపే అడుగుకు దిగి, చిప్పలు బుట్టలో వేసుకుని తాడు లాగితే, పైనున్నవాడు లాగుతాడు. కాసేపటికి వంతులు మారతాయి. అడుగున అన్నిటికన్నా పెద్ద భయం సొరచేప. అందుకే మంత్రం వేసి సొరచేపల నోరు కట్టేవాడు ఒడ్డున లేనిదే నీళ్ళలోకి దిగమనేవాళ్ళు. ప్రభుత్వమే అతనికి జీతం ఇచ్చేది. ఆ విద్య ఒకే వంశానిది. పందొమ్మిదో శతాబ్దం నడుమ సింహళంలో వేట చూసిన జేమ్స్ ఎమర్సన్ టెనెంట్, ఆ వంశపు అప్పటి పెద్ద రోమన్ కాథలిక్కు అని రాశాడు. ఒంట్లో బాగాలేక ఆ పెద్ద రాలేకపోతే ప్రతినిధిని పంపాడట. తనకు మంత్రం రాకపోయినా, పెద్దాయన తరఫున వచ్చానన్న సంగతిని సొరచేపలు మన్నిస్తాయని ఆ ప్రతినిధి టెనెంట్‌కు చెప్పాడు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం ఒడ్డున కూర్చున్నవాళ్ళకు తేలిక. ప్రాణం పణంగా పెట్టి దిగేవాడికి మరియమ్మ అండా కావాలి, మంత్రగాడి అండా కావాలి.

తూత్తుకుడి బంగారు తేరు

తూత్తుకుడి మంచుమాత, అంటే పనిమయ మాత, పండుగ ఆగస్టు 5న. కొన్ని ప్రత్యేక సంవత్సరాల్లో మాత బంగారు తేరు మీద ఊరేగుతుంది. ఆ తేరును మొదటిసారి లాగింది 1806లో. తేరు కట్టడం, తాళ్ళు పట్టి లాగడం, వీధులు అలంకరించడం అంతా మన రథోత్సవం పద్ధతే. తేరు మీద ఉన్నది మరియమ్మ. మన తరం ముందువాళ్ళకు తెలిసిన తమిళ హాస్యనటుడు జె.పి. చంద్రబాబు ఈ ఊరి బిడ్డే. జె.పి. అంటే జోసఫ్ పనిమయదాస్. ఆ తల్లి పేరే పెట్టారు. పరవల బతుకును నవలలుగా మలిచిన జో డిక్రూజ్‌కు ‘కొర్కై’ నవల మీద 2013లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ తీరాన్ని లోపలి నుంచి చూడాలంటే ఆయన నవలలకు మించినవి లేవు.

పట్టిన చేపలో గుడి వాటా

కన్యాకుమారి జిల్లా, దక్షిణ కేరళ తీరపు విచారణల్లో, అంటే పారిష్‌లలో, రోజూ ఒడ్డుకు చేరే వేటలో కొంత వాటా గుడికి వెళ్ళేది. దాన్ని వసూలు చేసే హక్కును వేలం వేసేవాళ్ళు. పడవ తగాదా అయినా, పెళ్ళి తగాదా అయినా తీర్చేది విచారణ గురువే. గుడి ఇలా ఊరిని కలిపి ఉంచింది, ఊరి మీద పెత్తనమూ చేసింది.

రాకెట్ కోసం ఖాళీ చేసిన చర్చి

1960ల మొదట్లో విక్రమ్ సారాభాయి రాకెట్ కేంద్రానికి తగిన చోటు వెతుకుతూ తిరువనంతపురం దగ్గర, భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న తుంబాను ఎంచుకున్నాడు. అది కాథలిక్ జాలరుల పల్లె. నడుమ మగ్దలేనా మరియ చర్చి, పక్కన బిషప్ ఇల్లు. బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా ఊరివాళ్ళతో మాట్లాడి ఆ స్థలం అప్పగించారు. చర్చి కార్యశాల అయింది, బిషప్ ఇల్లు ఆఫీసు అయింది. 1963 నవంబరు 21న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. అబ్దుల్ కలాం అంతరిక్ష రంగంలో పనిచేసిన తొలి రోజులు గడిచింది అక్కడే. ఇప్పుడా చర్చి అంతరిక్ష మ్యూజియం. ఇస్రో కథ చెప్పేటప్పుడు సైకిలు మీద మోసుకెళ్ళిన రాకెట్ భాగం ఫొటో అందరూ చూపిస్తారు. ఇళ్ళూ గుడీ వదులుకుని కదిలిన జాలరుల గురించి అంతగా ఎవరూ చెప్పరు.

మన తీరంలో ఇలా ఎందుకు జరగలేదు?

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరంలో జాలరులు, వాడబలిజలు, పల్లెకారులు ఎందరో ఉన్నారు. అయినా తెలుగునాట మిషన్ల పని ప్రధానంగా లోతట్టులో సాగింది. పద్దెనిమిదో శతాబ్దపు కర్ణాటక మిషన్ గురువుల దగ్గర మొదట చేరింది రాయలసీమ, గుంటూరు వైపు రైతు కుటుంబాలు. పందొమ్మిదో శతాబ్దంలో బాప్టిస్టులూ లూథరన్లూ పనిచేసింది ఎక్కువగా మాల, మాదిగ పల్లెల్లో. మన గంగపుత్రుల్లో ఎక్కువమంది గంగమ్మనే కొలుస్తూ వచ్చారు. ముత్యాల తీరంలో లాగా ఒక విలువైన సరుకు కోసం ఓడల రాజ్యం వచ్చి నిలబడకపోవడం ఇందుకు పెద్ద కారణమని నాకు తోస్తుంది.

వేట విరామం వెనక గురువుల దీక్షలు

1953లో కొల్లం దగ్గర నీండకరలో నార్వే సాయంతో మరపడవల పథకం మొదలైంది. అది జాలరుల బాగు కోసమే. రొయ్యల ఎగుమతిలో డబ్బు కనిపించేసరికి ట్రాలర్లు పెట్టుబడిదారుల చేతుల్లోకి వెళ్ళి, కట్టుమరం మీద బతికేవాడి వలలు తెగడం మొదలైంది. 1981లో, 1984లో కేరళ తీరం అట్టుడికింది. గురువులు, సన్యాసినులు జాలరుల పక్కన కూర్చుని నిరాహార దీక్షలు చేశారు. వానకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో ట్రాలింగ్ ఆపాలన్నది వాళ్ళ ముఖ్యమైన కోరిక. 1988లో కేరళ ఆ నిషేధం అమలు చేసింది. ఇప్పుడు మన తీరంలోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆగుతుంది.

ఆ ఉద్యమంలో ముందున్నవారిలో థామస్ కొచ్చెరి అనే గురువు ఒకరు. తానూ జాలరుల మధ్యే ఉండి వేటకు వెళ్ళిన మనిషి. 1989 మే 1న తూర్పు, పడమటి తీరాల నుంచి వచ్చిన జాలరుల యాత్రలు కన్యాకుమారిలో కలిసినప్పుడు పోలీసు కాల్పులు జరిగాయి. పదేళ్ళ తర్వాత అమెరికాకు చెందిన ప్యూ సంస్థ 1,50,000 డాలర్ల పురస్కారం ప్రకటిస్తే, అది సముద్రాన్ని పాడుచేసే చమురు కంపెనీ డబ్బు అని ఆయన వద్దన్నారు.

గురువులు జాలరుల పక్కన నిలబడడం అక్కడితో ఆగలేదు. 2022లో విళింజం ఓడరేవు పని వల్ల తీరం కోసుకుపోతోందని తిరువనంతపురం లాటిన్ మేత్రాసనం, అంటే ఆర్చిబిషప్ పాలనలోని సంఘం, ముందుండి నెలల తరబడి ఆందోళన నడిపింది. ఇళ్ళు సముద్రంలో కలిసిపోయి, సిమెంటు గోదాముల్లో తలదాచుకుంటున్న కుటుంబాలకు పునరావాసం వాళ్ళ ప్రధానమైన డిమాండు. నవంబరులో గొడవలు జరిగాక పెట్టిన కేసులో ఆర్చిబిషప్ పేరు నిందితుల్లో మొదట చేరింది. డిసెంబరు 6న ఆందోళన విరమించారు.